మిషను కింద సెయ్యి

మా రాయగడలో రోడ్లు తుడవడానికి మున్సిపాలిటీవోళ్ళు మిషను కొన్నారు. దాని మొకానికి పసుపు రాసేరు, కొబ్బరికాయ కొట్టేరు. ఇరవై ఏళ్ళుగా సీపురు పట్టిన నా మొకం ఎవులూ సూళ్ళేదు. జమాదారు మాత్రం మా నలుగురు ఆడోళ్ళనీ నిలబెట్టి, ఇక మీలో ఎందరు కావాలో పై నెల సెప్తానన్నాడు. రోజుకూలి బతుకులు మావి, ఉద్యోగమని సూపడానికి కాగితం ముక్క లేదు.

తీరా రోడ్డెక్కేక దాని సంగతి తెలిసింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కాలవ పక్క దుమ్ము దానికి అందదు. నిలిపిన బళ్ళ కింద దూరదు. మేమే ముందు పరిగెత్తి మూలమూలల సెత్తంతా రోడ్డు నడిమికి ఊడ్సి పెట్టాలి. ఎనకాల అది దొరలాగ వచ్చి పీల్సుకుంటాది. సాయంత్రానికి మిషను బాగా పని సేసిందని మెచ్చుకోలు. ఒళ్ళు మండదేటి మరి?

ఆ మంటతో ఇంట్లో గిన్నెలు దడదడలాడిస్తంటే, పదో తరగతి సదివే మా అమ్మి నవ్వి, తన ఒడియా పుస్తకంలో పాఠం తెలుగు సేసి సెప్పింది. ఇంగ్లండులో ముందు ఇంటింటా రాట్నం ఉండేదట. తరవాత నీటితోటీ ఆవిరితోటీ తిరిగే మిషన్లొచ్చేయట. రాట్నాలు మూల పడ్డాయి, జనాలు మిల్లుల్లో పడ్డారు. ఇనీ ఇనీ విసుగొచ్చి, ఆ మిల్లుల్లో తుడిసేది ఎవులని అడిగేను.

సిన్న పిల్లలట. అమ్మికి బళ్ళో టీచరమ్మ సెప్పిందట. తిరుగుతున్న మిషను కిందకి పాకి, రాలిన దూది ఊడ్సేవోరట. ఆపితే యజమానికి నట్టం కాబట్టి ఆపేవోరు కారట. వేళ్ళు పోయేవట, సేతులు పోయేవట. అమ్మి అంత మాటా సెప్పీసి పేజీ తిప్పీసింది. నాను వేళ్ళు ముడుసుకుని కూకున్నాను.

నాలుగు రోజులకి, కొల్నార ఊరెల్లే బస్సులు ఆగే కాడ, మిషను కింద బ్రష్షుకి పాత సీర పేలిక సుట్టుకుంది. ఇంజను ఆపితే మళ్ళీ అందుకోదని డ్రైవరు దిగడు. నీ సెయ్యి సన్నం, దూరి లాగీమని జమాదారు నాతో అన్నాడు. పై నెల ఎవులుంటారో సెప్పేది ఆయనే. మోకాళ్ళ మీద కూకుని సూసేను. బ్రష్షు ఆగి ఆగి తిరగతంది. లేచీసేను.

"ముందు ఇంజను ఆపించు బాబూ. ఆపితేనే సెయ్యి ఎడతాను."

పని పోతాదన్నాడు. పోతే బతుకెలగుంటాదో నాకు తెలుసు. అయినా సేతులు ఎనక్కి కట్టుకుని నిలబడ్డాను. మిగతా ముగ్గురూ సీపుళ్ళు కింద పెట్టీసేరు. ఎనక బస్సులు ఆరన్లు కొట్టేయి. ఆకరికి డ్రైవరే విసుక్కుని తాళం తిప్పి ఇంజను ఆపేడు.

అప్పుడు దూరి పేలిక లాగేను. ఈ రోజుకీ ఆ మిషను కింద సెత్త తీసేది నానే. ఇంజను తాళం మాత్రం డ్రైవరు ముందు నా సేతిలో ఎట్టాలి.