కలుపు తీయని రెండు సెంట్లు

పాపాయమ్మగారి చేలో కలుపు కనబడటమంటే నలుగురిలో ఆవిడ చీర చిరుగు బయటపడినట్టే. భర్త పోయిన పందొమ్మిదేళ్ళుగా మూడెకరాల చేనూ ఆవిడే చేయిస్తోంది. కొడుకు గంగరాజు చేతికి అందివచ్చాక మిగతా పనులన్నీ అతనికి వదిలేసింది గానీ, కలుపు సంగతి మాత్రం వదల్లేదు. నిడదవోలు నుంచి పెనుగొండ వైపు పోయే దారిలో, కాలువ వంతెన దిగగానే ఉంటుంది ఆ చేను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు కూడా దాన్ని చూసి ఎవరిదో చెప్పేవారు.

అలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన వీరవేణి, కలుపు మొక్కల మీద పీహెచ్‌డీ చేస్తోంది. దేవుడు అప్పుడప్పుడూ ఇలాంటి వేళాకోళాలు ఆడుతుంటాడు.

వీరవేణి నిడదవోలులో జూనియర్ కాలేజీ లెక్చరర్. చెప్పేది బోటనీ. విశాఖపట్నం యూనివర్సిటీలో పరిశోధనకు పేరు నమోదు చేయించుకున్నది పెళ్ళికి ముందు, తొంభై మూడులో. ఆ తర్వాత పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, మణిదీప్ పుట్టాడు, వాడికి ఉబ్బసం పట్టుకుంది. ఏడేళ్ళు ఎలా గడిచాయో ఆమెకే తెలియదు. యూనివర్సిటీ వాళ్ళు రెండుసార్లు గడువు పెంచారు. మూడోసారి వచ్చిన ఉత్తరంలో రెండువేల సంవత్సరం జూన్ ముప్పై అని తేదీ వేసి, ఆ రోజు దాటితే నమోదు రద్దని రాశారు. అంటే ఇక మిగిలింది సంక్రాంతికి నాట్లు పడే ఒక్క దాళ్వా పంట.

ఇంట్లో ఆమె పరిశోధన ఎక్కడ పడితే అక్కడ ఉండేది. చేలలోంచి తెచ్చిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య పరిచి, మంచం పరుపు కింద ఒత్తిగా పెట్టేవారు. వాటి మీదే మణిదీప్ పడుకునేవాడు. తడి లాగిన పేపర్లు రోజూ మార్చాలి, లేకపోతే మొక్క బూజుపడుతుంది. వీరవేణి ఏడున్నర బస్సు పట్టుకుని పోతే ఆ పేపర్లు మార్చేది పాపాయమ్మగారే. "అందరిళ్ళలో పేపరు చదవడానికి కొంటారు, మనింట్లో గడ్డికి పక్కేయడానికి కొంటాం" అని సణుగుతూనే మార్చేది. ఒక్కరోజు కూడా మానలేదు. కోడలికి క్యారేజీ సర్దడం, పిల్లాడికి మందు పట్టడం, గడ్డికి పక్క మార్చడం - ఆ వరసలోనే ఆవిడకు తెల్లవారేది.

ఎరువులూ మందులూ పడని, కలుపు తీయని చిన్న చెక్క ఒకటి చేలో వదిలితే తప్ప పరిశోధనకు పోలిక ఉండదు. మొదటి రెండు పంటలకూ దాన్ని కాలువ వైపు పల్లంలో, ఎవరి కంటా పడని మూల వదిలారు. మెరక నేలలో కూడా చూడాల్సిందేనని గైడు సూర్యప్రకాశంగారు పట్టుబట్టారు. మెరక నేల ఉన్నది రోడ్డు పక్కనే.

"అత్తయ్యగారూ, ఈ దాళ్వాకి రోడ్డు పక్క రెండు సెంట్లు కలుపు తీయించకుండా వదలాలండి," అంది వీరవేణి ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

పాపాయమ్మగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "రోడ్డు పక్కా? బస్సాగే చోటా?"

"అక్కడేనండి."

ఆవిడ రెండు ముద్దలు తిని, మంచినీళ్ళు తాగి, అప్పుడడిగింది. "ఎన్నాళ్ళు?"

"నాట్లు వేసిన దగ్గర్నుంచి అరవై రోజులండి. ఇరవయ్యో రోజున, నలభయ్యో రోజున కలుపు మొక్కల లెక్క తీస్తాను. అరవయ్యో రోజు లెక్కే ముఖ్యం. అది తీసేస్తే ఇక రాయడమే."

"సరేలే."

"కలుపు తీసేవాళ్ళకి చెప్పి ఉంచండత్తయ్యగారూ, ఎవరూ అందులో చెయ్యి పెట్టకుండా."

"చెప్తాలే అమ్మాయ్," అందావిడ.

చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. పందొమ్మిదేళ్ళుగా గట్టు మీద నిలబడి "అక్కడొకటుంది చూడు, ఇక్కడొకటుంది చూడు" అని వాళ్ళ ప్రాణం తోడేసిన మనిషి, ఇప్పుడు వాళ్ళ దగ్గరకే వెళ్ళి మా కోడలు కలుపు పెంచుతోందని ఎలా చెబుతుంది? మొదటి కలుపుకి వచ్చినప్పుడు మాత్రం "ఆ చెక్క జోలికి పోకండి, తర్వాత చూద్దాం" అని ముఖం తిప్పుకుంది.

చెక్క పెరిగింది. వరి దుబ్బుల్ని మింగేసి ఊదగడ్డి లేచింది, దాని కింద తుంగ, గట్టు వారన గుంటగలగర. బస్సు కోసం నిలబడేవాళ్ళకి అదొక కాలక్షేపమైంది. కిళ్ళీకొట్టు జీవరాజు అయితే పాపాయమ్మగారు వినేలాగే అన్నాడు. "ఏంటండీ, ఈ ఏడు వరి మానేసి గడ్డి వేశారా?" ఆవిడ తల వంచుకుని ఇంటికొచ్చింది. ఇంట్లో ఎవరితోనూ అనలేదు. అంటే కోడలు చెక్క తీయించేయమంటుందేమోనని భయం. ఇటు ఊరికి చెప్పలేదు, అటు కోడలికి చెప్పలేదు. మొండితనమో ప్రేమో, ఆవిడలో రెండూ ఒకే చోట ఉండేవి.

యాభై ఏడో రోజున వీరవేణి గైడుగారి దగ్గరకు వెళ్ళి విశాఖపట్నంలో ఉంది. ఆ రోజు కలుపు కూలీలు ఎనిమిదిమంది పక్కనున్న చిట్టియ్యగారి చేలో పని ముగించుకుని గట్టెక్కారు. వాళ్ళకు పెద్ద లోవలక్ష్మి. పాపాయమ్మగారి చేలో మొట్టమొదటిసారి కలుపు తీసిన నాటికి ఆమెకి పదహారేళ్ళు. జీవరాజు మళ్ళీ ఏదో కూశాడు. లోవలక్ష్మికి తిక్క రేగింది. "పాపం ఆ అమ్మాయిగారికి ఉద్యోగం, పిల్లాడికి ఆయాసం. పెద్దావిడకా వయసైపోయింది. చూసే దిక్కు లేకే కదా ఇలాగుంది! దిగండే!" అంది. ఎనిమిదిమందీ కొంగులు బిగించి దిగారు. మూడు గంటలకల్లా ఆ రెండు సెంట్లూ అద్దంలా చేసి పెట్టారు.

నాలుగింటికి బస్సు దిగిన వీరవేణికి ముందు అది తన చెక్కేనని అర్థం కాలేదు. హద్దులకు తాను పాతిన కర్రలూ, వాటికి కట్టిన ఎర్రగుడ్డలూ చూశాకే తెలిసింది.

"చూశారా అమ్మాయిగారూ, ఎలాగుందో!" అంది లోవలక్ష్మి, కాలువలో చేతులు కడుక్కుంటూ. "కూలీ గీలీ అనకండి. మీ అత్తగారు పెట్టిన అన్నం తిన్న చేతులండి ఇవి."

ఆ ముఖాల్లో సంతోషం చూసి వీరవేణి ఒక్కమాట కూడా అనలేకపోయింది. తల ఊపి ఇంటికి నడిచింది.

ఇంట్లో మాత్రం అంది. పెళ్ళయి ఆరేళ్ళలో అత్తగారితో గొంతు పెంచి మాట్లాడటం అదే మొదలు.

"వాళ్ళకి చెప్పారా అత్తయ్యగారూ?"

"లేదమ్మాయ్. నోరు రాలేదు."

"మూడు రోజులండీ! ఇంకో మూడు రోజులుంటే అయిపోయేది. మీ పరువు కోసం నా ఏడేళ్ళు పోయాయండి."

మణిదీప్ బిక్కమొహం వేశాడు. గంగరాజు వాణ్ణి ఎత్తుకుని అరుగు మీదకు వెళ్ళిపోయాడు. పాపాయమ్మగారు పెరట్లోకి వెళ్ళి ఖాళీ గోనెసంచులన్నీ భుజాన వేసుకుని, ఎండ ఇంకా ఉండగానే చేను దారి పట్టింది.

తెల్లారేసరికి ఆవిడే వచ్చి కోడల్ని లేపింది. "పుస్తకం పట్టుకుని రా అమ్మాయ్. ఈ పూటకి కాలేజీకి సెలవు చెప్పు."

చేను గట్టు మీద ఎనిమిది కుప్పలు, తడిపిన గోనెసంచులు కప్పుకుని ఉన్నాయి. పీకిన కలుపు వాడిపోకుండా పాపాయమ్మగారు సాయంత్రం నుంచి వాటిమీద కాలువ నీళ్ళు చల్లించింది. కుప్పకొక మనిషి చొప్పున ఎనిమిదిమందీ కూర్చుని ఉన్నారు. అందరి ముఖాలూ మాడిపోయి ఉన్నాయి. లోవలక్ష్మి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"తెలిస్తే చేద్దుమాండీ?" అందామె. "తప్పైపోయిందండి. కానీ ఇదిగోండి, ఏ కుప్ప కలుపు ఏ మునుములోదో మాకు తెలుసండి. ఇటు చివరది నాది. పక్కది చిన్నమ్మాయిది. ఎవరి మునుము కలుపు వాళ్ళే గట్టునేసుకున్నాం, కలవలేదు."

మునుమంటే కలుపు తీసేటప్పుడు ఒక్కో మనిషి పట్టే బారు. వీరవేణి వాళ్ళ వంకా, చెక్కలోని కర్రల వంకా చూసింది. చదరపు మీటరు చట్రం వేసి అక్కడక్కడా లెక్కపెట్టాలనుకున్న మొక్కలు చెక్క మొత్తానివీ, బారు బారుగా విడదీసి, వేళ్ళతో సహా ఎదురుగా ఉన్నాయి. అంతవరకూ అణిచిపెట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

"ఏడుపు తర్వాత, ముందు లెక్క," అంది పాపాయమ్మగారు, ఒక కుప్ప దగ్గర చతికిలబడి.

సాయంత్రం దాకా లెక్కపెట్టారు. పది మొక్కలకొక గడ్డిపరక పక్కన పెట్టడం, పది పరకలైతే కేకేయడం. గంగరాజు క్యారేజీలో అన్నం తెచ్చి, తానూ ఒక కుప్ప ముందు కూర్చున్నాడు. మణిదీప్ గడ్డిపరకలు అందించాడు, కొన్ని తిన్నాడు కూడా.

మధ్యాహ్నం లోవలక్ష్మి ఊదను రెండు పోగులు పెట్టడం వీరవేణి గమనించింది. "రెండూ ఒకటే కదా లోవలక్ష్మీ?"

"ఒకటెలాగవుద్దండీ? ఇది నారూద. నారుతోపాటు మడిలోంచే వచ్చేసి, దుబ్బులో వరితో కలిసి నిలబడుద్ది. పీకితే వరి వేరు కూడా వచ్చేసుద్దండి, చూడండి. ఇది చేలూద. సాలు మధ్యలో దానంతటదే మొలుస్తాది. నారుమడిలో జాగర్తగా ఏరుకుంటే మొదటిది రానేరాదు కదండీ."

మూడు పంటలుగా వీరవేణి ఆ రెండింటినీ ఒకే గడిలో రాస్తోంది. ఏడేళ్ళలో ఏ పుస్తకంలోనూ కనబడని సంగతి గట్టు మీద కూర్చుని నేర్చుకుంది. ముందురోజు సాయంత్రం తనకు పట్టరానంత కోపం తెప్పించిన మనుషులు వీళ్ళేనా అని ఆమెకి సిగ్గేసింది.

సూర్యప్రకాశంగారు అంతా విని, "మూడు రోజులు ముందు తీశారని ఉన్నదున్నట్టు రాయమ్మా, ఏమీ దాచకు" అన్నారు. ఊద రెండు పోగుల సంగతి చదివి మాత్రం కళ్ళజోడు తీసి, "దీనికి విడిగా ఒక అధ్యాయం రాయి" అన్నారు. ఆ అధ్యాయం వీరవేణి మణిదీప్‌ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, వేసవి సెలవుల్లో రాసింది. ఆ రెండు నెలలూ పాపాయమ్మగారు ఆమెను వంటింటి గడప తొక్కనివ్వలేదు. జూన్ ఇరవై ఆరున, గడువు ఇంకా నాలుగు రోజులుండగా, అట్టలు వేసిన అయిదు ప్రతులు గంగరాజే మోసుకెళ్ళి ఇచ్చివచ్చాడు.

కృతజ్ఞతల పేజీలో గైడుగారి పేరు తర్వాత ఎనిమిదిమంది పేర్లున్నాయి. లోవలక్ష్మితో మొదలు. వాళ్ళ తర్వాత అత్తగారు, భర్త, కొడుకు. ఒక్కో పేరూ రాస్తున్నప్పుడు తనకున్న అదృష్టం ఎంతదో వీరవేణికి తెలిసొచ్చింది.

మరుసటి ఏడు మార్చిలో వైవా. అది అందరి ముందూ జరిగే మౌఖిక పరీక్ష, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. పాపాయమ్మగారు పట్టుచీర కట్టుకుని, లోవలక్ష్మిని వెంటబెట్టుకుని నిడదవోలులో రైలెక్కింది. ఇద్దరూ హాల్లో వెనక బల్ల మీద, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. మాటలన్నీ ఇంగ్లీషులో సాగాయి. వీరవేణి ఎక్కడా తడబడలేదు. చివర్లో పరీక్ష చేయడానికి వచ్చిన ప్రొఫెసర్‌గారు వెనక్కి చూసి, వాళ్ళిద్దర్నీ గమనించారేమో, తెలుగులో అడిగారు. "కూర్చున్నవాళ్ళలో ఎవరైనా ఏమైనా అడుగుతారా?"

పాపాయమ్మగారు లేచి నిలబడింది.

"అడగడానికేం లేదండి. ఓ మాట చెప్పుకోవాలండి," అంది ఆవిడ. "ఆ కలుపు మేం బద్ధకించి వదిలేసింది కాదండి. మా కోడలు చదువు కోసం కావాలని పెంచాం. ఈ మాట అప్పుడు మా ఊళ్ళో చెప్పలేక నోరు మూసుకున్నానండి. పిల్లని ఏడిపించాను. అందుకని ఇక్కడ, ఇంతమంది పెద్దల ముందు చెబుతున్నాను."

లోవలక్ష్మి ఆవిడ కొంగు పట్టి కిందికి లాగింది.

"ఇప్పుడు చెబితే ఏం లాభమండీ," అంది, హాలంతటికీ వినబడేలా. "మేం పీకేశాం కదా!"

ముందు ప్రొఫెసర్‌గారు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. అన్ని ప్రశ్నలకీ నిలబడి జవాబు చెప్పిన వీరవేణి, బల్ల అంచు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయింది. ఆమెకి డాక్టరేటు ఇవ్వవచ్చని ప్రొఫెసర్‌గారు తెలుగులోనే ప్రకటించిన మాట ఆమె చెవిన పడనేలేదు. ఆ మాట ఆమెకి రైల్లో పాపాయమ్మగారు చెప్పింది.