సోమ్లా సార్ కట్టుబాటు

మా ముత్తాత అనంతరావు దేశ్‌ముఖ్. కేసముద్రానికి ఆవల ఉన్న మా ఊరితో పాటు చుట్టుపక్కల ఊళ్ల శిస్తు ఆయన చేతుల మీదుగానే నిజాం సర్కారుకు చేరేది. పై అధికారులు పర్యటనకు వస్తే కోటలాంటి మా గడిలోనే దిగేవారు. మా తాత గోపాలరావు తగవు తీర్పు చెబితే, దాని మీద కోర్టుకు వెళ్లినవాళ్లు లేరు. మా నాన్న మాధవరావు కాలానికి భూములు చాలా వరకు చేతులు మారాయి, గడి పెంకులు జారాయి. అయినా ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. నేను విఠల్‌రావును. నేను వస్తే ఎవరూ లేవరు. ఫిర్యాదుగా చెప్పడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను.

ఇవాళ మధ్యాహ్నం నుంచి నా చేతులు వేపనూనె వాసన వేస్తున్నాయి. సబ్బుతో కడిగినా పోలేదు. ఏటా మృగశిర కార్తె రాకముందే మా చరిత్ర సమితి సభ్యులం మహబూబాబాద్‌లోని సమితి గదిలో చేరి, అక్కడున్న పాత కర్ర సామానుకంతా నూనె పట్టిస్తాం. వానలకు చెమ్మెక్కి చెద తినకుండా ఉండాలని సోమ్లా సార్ మొదలుపెట్టిన పని ఇది. ఇవాళ ఒక పాత గుంటకకు నూనె రాస్తుంటే ఆ చేదు వాసనలోంచి ఆయన గొంతే వినిపించింది. "ఏంది విఠల్‌రావ్, గంధం పూస్తున్నవా? గట్టిగ రుద్దు. కర్ర తాగాలె."

ఆయనను ఎరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సోమ్లా సార్ మా ఊరికి ఆనుకుని ఉన్న తండాలో పుట్టాడు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష. తెలుగు బడిలో నేర్చుకుని, చరిత్ర చదివి, జూనియర్ కాలేజీలో అదే పాఠం చెప్పి రిటైరయ్యాడు. పొడుగు మనిషి. జంపఖానా పరిచాక నాలుగు మూలలూ తనే వంగి లాగి, ముడత లేకుండా సరిచేస్తే గాని కూర్చునేవాడు కాదు. ఆ అలవాటును చూసి నవ్వేవాళ్లు నవ్వేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

నేను మొదటిసారి సమితి గదికి వెళ్లింది మా గడి గురించి మాట్లాడడానికి. ఈ ప్రాంతపు చరిత్ర చెప్పేవాళ్లు మా ఇంటిని వదిలేసి ఎలా చెబుతారన్నది నా ప్రశ్న. వెళ్లేసరికి అందరూ జంపఖానా మీద గుండ్రంగా కూర్చుని ఉన్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. కాసేపటికి లేచి ఎవరో కుర్చీ తెస్తారనుకున్నాను.

"కుర్చీ లేదా?" అని నేనే అడగవలసి వచ్చింది.

"ఉంటే నేనే కూసుందును గద," అన్నాడు సార్. "మోకాళ్లు నొస్తయా? వచ్చి గోడకు ఒరుగు."

"మా దిక్కు నన్ను అందరు దొర అంటరు."

"గీ జంపఖానా మీద అన్న, అక్క, తాత, అవ్వ, గివే నడుస్తయి."

"మరి మిమ్ముల సార్ అంటున్రు?"

"నేను పాఠం చెప్పిన. నువ్వేం చెప్పినవో చెప్పు, గట్లనే పిలుస్తం."

అందరూ నవ్వారు. కాటారం నుంచి బస్సులు మారి వచ్చే సరోజనక్క అనే టీచరమ్మ కొంచెం జరిగి, "రా అన్నా, నా పక్కకు జాగున్నది," అంది. కూర్చున్నాను. వెళ్లిపోవడం తేలికే, కానీ నవ్వుకు భయపడి వెళ్లిపోయాడన్న మాట పడడం మా ఇంట్లో లేదు.

సమితి ఏడాది పొడుగునా ఏదో ఒకటి చేసేది. ఎండాకాలం తెల్లవారుజామునే చిట్యాల వైపు పోయి, పొలాల గట్ల మీద పడి ఉన్న వీరగల్లులను తడి గోనెతో కడిగేవాళ్లం. కత్తి పట్టుకుని యుద్ధంలో చచ్చిపోయినవాళ్ల బొమ్మలవి, చాలావాటి మీద పేరు ఉండదు. బతుకమ్మ ముందు ముసలమ్మలను పిలిపించి, ఇప్పుడెవరూ పాడని పాటలు పాడించేవాళ్లం. వరికోతలు అయ్యాక చలికాలంలో ఒక బడి ఆవరణలో పాత వస్తువుల ప్రదర్శన పెట్టేవాళ్లం. జనగామ నుంచి, భూపాలపల్లి నుంచి కూడా జనం వచ్చేవారు. ఆ ప్రదర్శనకు సార్ ఒక కట్టుబాటు పెట్టాడు. ఏ వస్తువు పెట్టినా దాని పక్కన ఇద్దరు నిలబడి మాట్లాడాలి. ఒకరు ఆ వస్తువు ఎవరిదో ఆ ఇంటివాళ్లు, ఇంకొకరు దానితో చాకిరీ చేసినవాళ్లో, దానివల్ల దెబ్బ తిన్నవాళ్లో. కల్లు గీసే మోకు పెడితే గీసినవాడి కొడుకూ మాట్లాడాలి, కంట్రాక్టరు మనవరాలూ మాట్లాడాలి. రెండో మనిషి దొరకకపోతే ఆ వస్తువు గుడ్డ కప్పుకుని లోపలే ఉండిపోయేది. ఎంత అందమైనదైనా సరే, బయటికి తెచ్చేవాడు కాదు.

ఈ కట్టుబాటు మా వంటి ఇళ్ల మీద గురిపెట్టి పెట్టాడని నేను మొదట అనుకున్నాను. ఆ అనుమానం ఒక శ్రావణంలో పోయింది. ఆ ఏడు వానాకాలపు సమావేశం ఆయన తండాలోనే, తీజ్ పండుగ రోజుల్లో జరిగింది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, నీళ్లు పోసి, చుట్టూ పాడుతున్నారు. సార్ వాళ్ల నాన్న ఒకప్పుడు ఆ తండాకు పెద్ద, నాయక్. ఆయన తలపాగాను మధ్యలో పెట్టి, కొడుకుగా ముందు సారే మాట్లాడాడు. తర్వాత ఒక ముసలాయన లేచి, సార్ వైపు వేలు చూపిస్తూ లంబాడీలో ఏదో గట్టిగా అన్నాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సార్ మా వైపు తిరిగాడు.

"ఈ తాత ఏమంటున్నడంటే, మా బాపు తండోళ్లను గడిలకు వెట్టికి తోల్కపోయేటోడట. రానోళ్ల పేర్లు దొరకు చెప్పేటోడట. గా తలపాగ దొర ఇచ్చిందేనట." ఆగి, ముసలాయన వైపు చూసి తమ భాషలో ఏదో అడిగాడు. ముసలాయన ఇంకో మాట అన్నాడు. సార్ అది కూడా చెప్పాడు. "సోమ్లా సదువుకున్నది గూడ దొర ఇచ్చిన పైసల తోటేనట."

నేను ఆయన ముఖం వైపే చూస్తూ ఉన్నాను. తన తండ్రి మీద పడిన మాటను, ఒక్క పదం తగ్గించకుండా, తన నోటితోనే మాకు తెలుగులో చెప్పాడు. చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. ముసలాయన కూర్చున్నాక, "ఇంకేమన్న ఉంటె చెప్పు తాతా," అని తెలుగులో కూడా అడిగాడు. ఆ రోజు నుంచి ఆయనకు నా మనసులో ఒక స్థానం ఇచ్చాను. మా తాత తీర్పుకు నేను ఇచ్చే స్థానం అది.

ఆ చలికాలమే మా మేనాను ప్రదర్శనకు ఇచ్చాను. గడిలో మిగిలిన వాటిలో కంటికి ఆనే వస్తువు అదొక్కటే. బోయీలు భుజాన పెట్టుకునే కొమ్ముకు రెండు కొసలా ఇత్తడి సింహం తలలు. నేనే దగ్గర నిలబడి వాటిని తోమించాను. నా వంతు వచ్చినప్పుడు నిటారుగా నిలబడి చెప్పాను. మా నాయనమ్మ పెళ్లయ్యాక ఈ మేనాలోనే మా ఊరికి వచ్చింది, దారి పొడుగునా డప్పులు మోగాయి, వాగు దగ్గర ఊరంతా ఎదురొచ్చింది. మా ఇంట్లో చెప్పుకునే మాట అదే.

రెండో మనిషిగా కొమురవ్వ అనే ముసలామె వచ్చింది. ఆమె తండ్రి మా గడి బోయీల్లో ముందు కొమ్ము పట్టినవాడు. ఆమె మేనాను ముట్టుకోలేదు. కొంగు సర్దుకుని, ఎవరి మీదా కోపం లేని గొంతుతో మొదలుపెట్టింది.

"గా పెండ్లినాడు మా బాపే మోసిండు. దొరసాని అంటే ఏం దొరసాని, పసిపిల్ల. పాలపండ్లు ఊడుతున్నయట. వాగు దాటంగనే, నన్ను దించున్రి, మా అవ్వ కాడికి పోత అని ఒక్కటే ఏడుపు. ఏడ్సి ఏడ్సి ఎక్కిళ్లు వట్టినయి. మా బాపు మనసు ఆగలే. మేనా దించి, చెలిమెల నీళ్లు తాపిండు. నడుమల దించద్దని పెద్దదొర హుకుం. దించిన పాపానికి గడి ముంగట నిలవెట్టి కొరడ తోని కొట్టిచ్చిండు. గా భుజం మల్ల కొమ్ము పట్టలే. మా అవ్వ చెప్తుండేది." తర్వాత నా వైపు తిరిగి, "నీ మీద నాకేం లేదు బిడ్డా. అడిగిండ్రు, చెప్పిన," అంది.

పెద్దదొర అంటే మా ముత్తాత. అంతమంది ముందు ఆయన పేరు మీద అలాంటి మాట పడడం నా జీవితంలో అదే మొదటిసారి. "అబద్ధం," అన్నాను. "మా సామాను మేము తీస్కపోతం." మేనాను తెచ్చిన ట్రాలీ ఆటో బడి గేటు బయటే ఉంది.

సార్ అడ్డు చెప్పలేదు. "నీదే, తీస్కపో. మోసెటోళ్లను పిలుసుకో," అన్నాడు.

నేను చుట్టూ చూశాను. పొద్దున దాన్ని దింపిన కూలీలు ఎప్పుడో వెళ్లిపోయారు. కూర్చున్నవాళ్లలో ఒక్కరూ కదలలేదు. వాళ్ల ముఖాల్లో పగ లేదు. నేను ఎవరిని పిలుస్తానో చూద్దామని ఊరికే చూస్తున్నారు. మా ముత్తాత అయితే పిలవవలసిన పని కూడా ఉండేది కాదు, ఆయన చూపు చాలు. నాకు ఒక్క పేరు కూడా నోటికి రాలేదు.

చివరికి సారే లేచి భుజాన తువ్వాల మడత వేసుకున్నాడు. "ముందల నేను పడుత. ఎనుక నువ్వు పట్టు."

"సార్, నీ పాణం మంచిగ లేదు, నువ్వు పట్టకు," అంటూ సరోజనక్క వచ్చి ఆయన వెనకాల కొమ్ము కింద భుజం పెట్టింది. ఇంకో ఇద్దరు వచ్చారు. లేపాం. ఖాళీ మేనా. అయినా కొమ్ము మెడ పక్కన ఎముక మీద కూర్చుంది. వెనక పట్టినవాడికి దారి కనిపించదని అప్పుడే తెలిసింది నాకు. కళ్ల ముందు మేనా వెనక చెక్క, పైన కొంచెం ఆకాశం. ముందున్నవాడు ఎటు నడిస్తే అటు నడవడమే. మెత్తటి మట్టిలో నా కాలు జారబోయింది.

"జెర పైలం బిడ్డా, కొత్త భుజం," అంది కొమురవ్వ వెనక నుంచి. ఆ మాటకు ఎవరో కిసుక్కున నవ్వారు.

గేటు దగ్గర సార్ ఆగాడు. వెనక్కి తిరగలేదు. ఆయన ఆయాసం నాకు వినిపిస్తోంది. "దించమంటవా, పోదామంటవా? మోసెటోడు అడుగుతున్నడు, చెప్పు," అన్నాడు.

పెళ్లినాటి తర్వాత ఆ మేనాలో కూర్చోమంటే ఏనాడూ కూర్చోని మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. నా చిన్నప్పుడు రోహిణి కార్తె ఎండలో కూడా గుడికి నడిచే వెళ్లేది. ఎవరైనా మేనా కట్టించమంటారా అని అడిగితే, చెప్పులు కూడా తొడుక్కోకుండా గబగబా వాకిలి దాటేసేది. ఇంట్లో అందరూ దాన్ని మొండితనం అనేవారు. నేనూ అదే అనుకుంటూ పెరిగాను.

"దించున్రి," అన్నాను.

దించాం. తర్వాత వాళ్లే లేపారు, నేనూ పట్టాను, మేనా మళ్లీ జంపఖానా పక్కకు చేరింది. సార్ వంగి, చెదిరిన మూలను లాగి సరిచేశాడు. ఆ రోజు సంగతి ఆయన మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. నేను నేర్చుకున్నానని మెచ్చుకోలేదు, నొచ్చుకున్నానని ఓదార్చలేదు. మా ముత్తాత మీద నాకున్న గౌరవం అలాగే ఉంది. ఆయన తీర్చిన తగవులు, కరువులో తెరిపించిన గాదెలు నిజం. కానీ ఆయన గురించి సగం చెప్పి ఊరుకోవడం ఆ రోజు నుంచి నాకు చేతకాదు. ప్రతి చలికాలం మేనా పక్కన నిలబడి డప్పుల సంగతి చెబుతాను. కొమురవ్వ పోయాక ఆమె మనవరాలిని పిలిపించి, కొరడా సంగతి చెప్పించి, అది పూర్తయ్యేదాకా అక్కడే నిలబడతాను.

సార్ పోయినేడు, తీజ్ బుట్టలు వాగులో కలిపిన వారానికి పోయాడు. తండాలో నేల మీద కూర్చున్నాను. ఎవరూ కుర్చీ తేలేదు, నేను ఎదురుచూడలేదు. సమితి పని ఇప్పుడు సరోజనక్క, నేను చూస్తున్నాం. సార్ ఉండగా ఎవరికీ రాని సమస్య ఆ చలికాలంలోనే వచ్చింది. జనగామలో ఉండే మా చిన్నాయన కొడుకు రంగారావు ఒకరోజు సమితి గదికి వచ్చాడు. మేనా మా రెండిళ్ల ఉమ్మడి ఆస్తి, అది ఎన్నడూ పంపకంలోకి రాలేదు.

"విఠలన్నా, హైదరాబాద్‌ల ఒక హోటలోళ్లు మేనా అడుగుతున్రు. గేటు కాడ పెడ్తరట. మంచి రేటు."

"ఆడ దాని గురించి ఎవలు మాట్లాడతరు?"

"మాట్లాడుడేంది? పెండ్లిపిల్లలు అండ్ల కూసోని ఫోటోలు దిగుతరు."

"అయితె ఇయ్య."

"ఇయ్యనంటె ఎట్ల? సగం నాది. గీ తండోళ్ల సంఘం కోసం మన ఇజ్జత్ తీస్కుంటవా? ప్రతియేడు మన పెద్దదొరను తిట్టిపిచ్చుడు నీకు సంబురమా?"

"తిట్టు కాదు రంగా. నువ్వు ఒకసారి వచ్చి కూసోని విను."

"నాకు టైం లేదన్నా. నా సగానికి ఏమిస్తవో చెప్పు."

నేను ఆలోచించడానికి గడువు అడగలేదు. నా వాటాకు వచ్చిన మామిడితోటను అతని పేర రాసిచ్చాను. మేనా సమితిదేనని అతని చేత సంతకం పెట్టించాను. మా ముత్తాత భూముల్లో మా పేరున మిగిలిన ఆఖరి చెక్క ఆ తోటే. రంగారావు చెట్లు కొట్టించి, ప్లాట్లు చేసి, ఈ ఎండాకాలంలో అమ్మేశాడు.