గోడవతల నా గొంతు

కొల్లూరులో కొత్త ఇంటికి వచ్చిన మొదటి ఏడాది. మా ఆయన పటాన్‌చెరు కంపెనీకి, చిన్నమ్మాయి కాలేజీకి వెళ్తే పలకరించే మనిషి ఉండేది కాదు. పెద్దమ్మాయి పెళ్లి వీడియో ఉన్న పెన్‌డ్రైవ్‌ని చిన్నది వైఫై డబ్బాకు గుచ్చి, "ఇగ టీవీల సూస్కో అమ్మా" అంది.

ఒక మధ్యాహ్నం అన్నం వార్చుతుంటే పక్కింట్లోంచి నా గొంతు! "పప్పుల మళ్ల ఉప్పెవరేసిన్రే?" అని నేనే అరుస్తున్నాను. ముందుగదిలోకి తొంగి చూశాను. మా టీవీ ఆపేసే ఉంది.

వెళ్లి తలుపు కొట్టాను. మా వైఫై వాడుకోమని మేమే పాస్‌వర్డ్ ఇచ్చిన షంషాద్ ఆపా తీసింది. వెనక టీవీలో మా పెళ్లి పందిరి.

"మా ఇంటి పెండ్లి మీ టీవీలకెట్లొచ్చింది ఆపా?"

ఆమె తల దించుకుంది. "మీ వైఫై కలిపినంక మీ డబ్బాల ఉన్నది మా టీవీల గూడ కనవడ్తది. మాఫ్ చెయ్ చెల్లె. రోజూ అన్నం తినేటప్పుడు పెట్టుకుంటున్న. ఇంట్ల నలుగురు మాట్లాడుతున్నట్టుంటది."

కోపంగా వెళ్లాను గానీ, నేను చేసేదీ అదే. నేనూ దాన్ని చూడను. తినేటప్పుడు మాటలు వినపడాలని పెట్టుకుంటాను.

"టీవీ బంద్ చెయ్ ఆపా. నా గిన్నె గీడికే తెచ్చుకుంట" అన్నాను.

అన్నాళ్లూ ఒకే గోడకు అటూ ఇటూ, ఎవరికి వాళ్లం కూర్చుని, ఒకే పెళ్లిలో భోజనం చేశాం. తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఒకలాగా అవుతుంది.