నేను దాచిపెట్టిన తప్పు

కడపలో మాది చిన్న ఆఫీసు. టమేటా మార్కెట్లకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. బండి గేటు దగ్గరికి రాగానే రైతుకు టోకెన్ ఇవ్వడం, ఆ వరసలోనే సరుకును వేలానికి పిలవడం దాని పని. ఎనిమిదేళ్లుగా అందులో తప్పులు పట్టేది నేను. ఏ చిన్న మార్పు చేసినా ప్రతి పేజీ తెరిచి, ప్రతి బటన్ నొక్కి చూడాలి. రెండు రోజులు పట్టేది. నేను సరేనంటే తప్ప ఏదీ బయటికి పోయేది కాదు. అది నాకు లోలోపల ఎంతో గర్వంగా ఉండేది.

పోయిన ఎండాకాలం ఇంకో అమ్మాయి చేరింది. పత్తికొండ పక్క పల్లె. అమ్మానాన్నలు కూలికి పోతూ, కాస్త కౌలు నేలలో టమేటా వేసేవాళ్లు. కమలాపురంలో మా ఇంట్లోనేమో కూలీలను పెట్టి సేద్యం చేయిస్తారు. మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టె, నా చిత్రాన్నం పంచుకునేవాళ్లం.

ఒకరోజు ఆఫీసు నడిపే సార్ మా ఇద్దరినీ పిలిచారు. “ఇంగ చేతుల్తో చూసేది చాలమ్మా. టెస్టులు రాసిపెడితే కంప్యూటరే చూస్తాది. అట్లాంటి ఫ్రేమ్‌వర్కులు శానా ఉండాయి. చెరొగటి తీసుకోని చూడండి. ఏది మేలో వచ్చే వారం శుక్రవారం చెప్పండి.”

నేను ఎప్పుడో కోర్సులో నేర్చుకున్న పాతదాన్ని తీసుకున్నాను. ఆమె కొత్తదాన్ని. మూడోరోజుకే ఆమె తెరమీద పేజీలు వాటంతటవే తెరుచుకుంటూ, అంతా సరిగ్గా ఉందని పచ్చ గుర్తులు పడసాగాయి. నాది, పేజీ రావడం కాస్త ఆలస్యమైతే చాలు, బటన్ కనపడలేదని ఆగిపోయేది. సార్ ఆమె కుర్చీ వెనక నిలబడి చూస్తూ చేతిలో టీ చల్లారబెట్టుకున్నారు. నా దగ్గరికొచ్చి “నీదెంతవరకు వచ్చె?” అని, జవాబు వినకుండానే వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ఒక్కదాన్నే తిన్నాను. ఆమె నవ్వినా నాకు ఒళ్లు మండేది. మా చేలలో పనిచేసేవాళ్ల లాంటివాళ్ల పిల్ల నన్ను దాటిపోవడమేంటని కూడా అనిపించింది. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

“అక్కా, ఇన్నేండ్లలో పట్టిన తప్పులు యాడన్నా రాసిపెట్టినావా? వాటికి టెస్టులు రాస్తా,” అని అడిగింది.

“లేదు,” అన్నాను. అవన్నీ రాసుకున్న నోట్‌బుక్ నా సొరుగులోనే ఉంది.

అంతకంటే పెద్దది ఇంకోటి దాచాను. నెట్ పోయినప్పుడు రెండు గేట్ల దగ్గర ఒకేసారి టోకెన్ తీస్తే ఇద్దరికీ ఒకటే నంబరు పడుతోంది. ఆ సోమవారమే కనిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం ఆమెవన్నీ పచ్చ గుర్తులే. సార్ తల ఊపుతుండగా అందుకున్నాను. “నెట్ తీసేసి రెండు గేట్లలో టోకెన్ ఇచ్చి చూడండి సార్.”

చూశారు. రెండింటికీ ఒకే నంబరు, నలభై ఒకటి వచ్చింది. ఆమె ముఖం వాడిపోయింది. నా ప్రాణానికి హాయిగా అనిపించింది.

“చీటీలు రాసిచ్చే కాలంలో మా నాయనకి ఇట్లే అయింది సార్,” అంది ఆమె. “నంబరు మాదంటే మాదని కొట్లాట. అంతలోకే సరుకు ఎండకు మెత్తబడిపాయ.” తర్వాత నావైపు తిరిగింది. “నీకిది ముందే తెల్సా అక్కా?”

“సోమవారం నుంచి.”

“నాకు చెప్పకుంటే పాయె. సార్‌కన్నా చెప్పల్ల గదా. ఆడ మార్కెట్ నడస్తాండాది.”

సార్ నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. “ఇద్దరూ దీనికి టెస్ట్ రాయండి. ఏది పట్టుకుంటే అదే తీసుకుందాం,” అన్నారు.

మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టాను. నా పాతదాంట్లో నెట్ ఆపే దారే దొరకలేదు. ఆమె అరగంటలో రాసింది. తప్పు దొరికినట్టు ఎర్ర గుర్తు పడింది. ఆమెదే మేలని నేనే వెళ్లి సార్‌కు చెప్పాను. తర్వాత నోట్‌బుక్ తీసి ఆమె బల్లమీద పెట్టాను.

“లేదంటివే?”

“అబద్ధం చెప్పినా.”

ఆమె మొదటి పేజీ తిప్పింది. సాయంత్రానికి ప్రోగ్రాం రాసేవాళ్లు టోకెన్ల తప్పు సరిచేశారు.

ఇప్పుడు టెస్టులన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆ ఫ్రేమ్‌వర్క్ నాకు నేర్పిందీ ఆమే, ఓపికగా. మార్కెట్ నుంచి ఫోన్ వస్తే సార్ ముందు ఆమెనే పిలుస్తారు. ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. ఆమెకు తెలిసే ఉంటుంది.