కుర్చీ అడిగినందుకు

పదకొండేళ్ళు బాస్కెట్‌బాల్ ఆడి జీతం తీసుకున్నాను. ఉద్యోగం పేరుకు గుమాస్తాది. ఆటగాళ్ళమైన మమ్మల్ని తీసుకున్నది మాత్రం మా శాఖ జట్టు కోసం. ఆ సంవత్సరాల డైరీలు తిరగేస్తే, ఊళ్ళు తిరిగిన రోజులు పోను, మిగతా పేజీల్లో ఒకే వరుస: ‘ఉదయం ప్రాక్టీసు. ఆఫీసులో సంతకం. సాయంత్రం ప్రాక్టీసు.’ సంతకం పెట్టాక ఆఫీసులో మాకు పని లేదు. కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు.

ముప్పై మూడో ఏట కుడి మోకాలు దెబ్బతింది. జట్టులోంచి తీసేసి, ఆ వారంలోనే సీటు చూపించారు. నోటు ఎలా రాయాలో, ఏ కాగితం ఏ ఫైలులో పెట్టాలో నాకు తెలియదు. సెక్షన్లో నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడొకడు నేను రాసిన చిత్తు మొత్తం ఎర్రసిరాతో కొట్టేసి, “ఇది బంతి కాదు గురువా, పక్కోడికి ఇసిరేసి సేతులు దులుపుకోడానికి” అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ పని నేర్చుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. నాతో చేరినవాళ్ళు అప్పటికి నా పై అధికారులు.

అందుకే మా చెల్లెలి కూతురికి అదే ఆట మీద ఉద్యోగం వచ్చినప్పుడు సంతోషం కంటే ముందు కంగారు పుట్టింది. పాతపట్నం దగ్గర వరి, మొక్కజొన్న పండించే ఇల్లు వాళ్ళది. ఆ ఇంట్లో నెలజీతం ఈ పిల్లతోనే మొదలు. విజయనగరంలో పోస్టింగు, మకాం మా ఇంట్లో. ఇరవై నాలుగేళ్ళది, నాకంటే రెండంగుళాలు పొడుగు, నాకంటే బాగా ఆడుతుంది.

“ఆఫీసులో ఇవాళ ఏం చేశావే?” అని రోజూ అడిగేవాణ్ణి.

“ఏటుంటాది మావయ్యా, సంతకమెట్టాను.”

మూడు నెలలు విన్నాను. ఒక సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె వెనకే ఆఫీసుకు వెళ్ళాను. సూపరింటెండెంటు నన్ను ఎరిగినవాడే.

“పాపని దిగబెట్టడానికొచ్చినారేటి సార్? సంతకమెట్టేసి ఎల్లిపొమ్మనండి.”

“ఈ అమ్మాయి కుర్చీ ఏదండీ?”

“ఆటోళ్ళకి కుర్సీ ఎందుకు సార్? కూకుంటే ఆట ఏటవుతాది?”

అందరూ నవ్వారు. మా పిల్ల కూడా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. కుర్చీ వేసేదాకా కదలనని గుమ్మం దగ్గర నిలబడ్డాను. అరగంట తర్వాత రికార్డు గదిలోంచి ప్లాస్టిక్ అల్లిక తెగిన కుర్చీ ఒకటి తెచ్చి, తపాలా పంపే బల్ల పక్కన వేశారు. రోజూ పదకొండు నుంచి రెండు దాకా ఆమె అక్కడ పని నేర్చుకోవాలని ఒప్పించి వచ్చాను.

“నా పరువు తీసేసినావు మావయ్యా” అంది ఆ సాయంత్రం. అయినా రెండు నెలలు వెళ్ళింది. ఉత్తరాలకు నంబర్లు వేయడం, రిజిస్టరు నింపడం వచ్చేశాయి. నేను గెలిచాననుకున్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. మా రోజుల్లో పొద్దున, సాయంత్రం తప్ప మధ్యలో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు పదకొండు గంటలకు జిమ్ములో బరువులు ఎత్తిస్తారు. అదీ ప్రాక్టీసు కిందే లెక్క. ఆమె అది మానేసి కుర్చీలో కూర్చుంది. “ఆఫీసరమ్మగారు అలిసిపోనారు, కూకోబెట్టండి” అని కోచ్ వెటకారాలాడేవాడట. ఆ ముక్క నాతో చెప్పనేలేదు. ఆ రెండు నెలలయ్యాక జరిగిన టోర్నమెంటులో నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్కదానికీ ఆమెను దించలేదు.

తిరిగొచ్చి బ్యాగు కింద పడేసి అడిగింది: “నువ్వు కుర్సీ అడిగినావు, ఆడు నన్ను బెంచీ మీద కూకోబెట్టినాడు. సాలా?”

“తర్వాత ఏం చేస్తావే? మోకాలు...”

“నీ మోకాలు పోనాది ముప్పైమూడుకి. నాకు ఇరవైనాలుగే. నీ బయం నాకెందుకు తగిలిస్తావు?”

“భయం కాదు, అనుభవం.”

“ఆడినన్నాళ్ళూ నువ్వు సుకపడలేదేటి? నిజం సెప్పు మావయ్యా.”

చెప్పలేదు. సుఖపడ్డాను. ఆ పదకొండేళ్ళ తర్వాత ఏ ఏడాదీ అలా గడవలేదు. ఆ మాట ఒప్పుకుంటే ఆమె ఇక ఆ కుర్చీలో కూర్చోదని తెలుసు. ఒప్పుకోకపోయినా కూర్చోలేదు. మర్నాటి నుంచి సంతకం పెట్టి నేరుగా జిమ్ముకు వెళుతోంది. నాతో అన్నం దగ్గర తప్ప మాట్లాడటం లేదు.

మొన్న సూపరింటెండెంటు ఫోను చేశాడు.

“సార్, పాప కుర్సీలో కూకోట్లేదు. కొత్తగా ఒకాయన వచ్చినాడు. ఆ కుర్సీ ఆయనకి ఇచ్చేమంటారా?”

“వద్దు, ఉంచండి.”

“ఎన్నాళ్ళు సార్?”

ఆమె మోకాలు పాడయ్యేదాకా అని నేను ఎలా చెప్పను? “మీకంత లోటైతే, ఆయనకి నేను కొత్తది కొని పంపిస్తాను” అని విసుక్కుని ఫోను పెట్టేశాను.