నాలుగో నిమ్మకాయ

ఇరవై ఏళ్లుగా ఆటోలకు వెల్డింగ్ చేస్తున్నవాణ్ని. మైదుకూరులో రోడ్డు పక్కనే నా రేకుల షెడ్డు. కోపం నా ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు, నిజమే. అలాంటి నేను ఒక చిన్న బండికి భయపడుతున్నానంటే నవ్వేవాళ్లు ఉన్నారు. నవ్వుకోనీ.

ఆ బండి నేను చేసిందే. బోరు మోటార్లకు వైండింగ్ చుట్టే నా స్నేహితుడూ నేనూ ఏడాదిన్నర దాని మీదే పడ్డాం. ముందు ఒక చక్రం, వెనక రెండు, పైన కప్పు, రెండు తలుపులు, ఇద్దరు పట్టే సీటు, సీటు కింద బ్యాటరీ. చూసినవాళ్లంతా ఆటో అనేవాళ్లు. ఆటో కాదు, కారు అని ఎంతమందితో పోట్లాడానో.

మొదటి బండి మా అక్కకు అనుకున్నాం. మగ్గం నేసి నన్ను సాకింది ఆమె. మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. నేసిన చీరలు షావుకారుకు ఇచ్చి రావాలన్నా ఎవరో ఒకరు తోడు కావాలి. ఆమె బండి సరిగ్గా నడిస్తే ఇంకో ఐదు చేద్దామని ఐదు చట్రాలు కోసి గోడకు ఆనించాం.

భయం మొదటి నుంచీ ఉంది. మలుపులో కాస్త వేగంగా తిప్పితే వెనక చక్రం ఒకటి నేల విడిచేది. మా ఎండలకు బ్యాటరీ పెనంలా కాలేది. ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ అన్నం మానేసి దాని పక్కనే కూర్చుని, చెయ్యి ఆనించి చూసుకునేవాణ్ని.

"ఏమన్నా, బిడ్డకు జరమొచ్చినట్ల పట్టి పట్టి చూస్తాండావే" అనేవాడు స్నేహితుడు.

"నోరు మూసుకోప్పా" అనేవాణ్ని.

ఇన్నింటికి భయపడ్డాను గానీ, చప్పుడు లేకపోవడానికి భయపడాలని మాత్రం తట్టలేదు. పైగా దాన్నే గొప్పగా చెప్పుకున్నాను.

పూజ రోజు పొద్దున అక్క పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. కొత్త బండి అంటే చక్రానికో నిమ్మకాయ పెట్టి తొక్కించాల్సిందే కదా. ఆమె నాలుగు తెచ్చింది.

"చక్రాలు మూడే కదక్కా" అన్నాను.

"మూడు మంచిది కాదప్పా. నాలుగోది యాడన్నా పెడతాలే."

నేను లోపల కూర్చుని తాళం తిప్పాను. ఆటో అయితే అప్పుడే ఇంజను మొత్తుకుంటుంది. నిమ్మకాయ పెట్టే మనిషి ఆ చప్పుడు విని లేచి పక్కకు పోతుంది. లేవమని ఎవరూ చెప్పరు, చెప్పే పని ఎప్పుడూ పడలేదు. ఈ బండిలో ఒక పచ్చ లైటు వెలిగింది, అంతే. అది నాకు మాత్రమే కనపడుతుంది. అక్క ముందు చక్రం దగ్గర వంగి ఉంది. మోకాళ్లు సహకరించక కుడిచేయి నేలకు ఆనించుకుంది. నా సీట్లోంచి ఆమె కొంగు కూడా కనపడలేదు.

"అయిందా అక్కా?"

"కానీ" అంది.

కానీ అంటే పోనివ్వమని. బస్సు కండక్టరు నుంచి పెళ్లి పురోహితుడి దాకా అందరూ అనే మాటే. పోనిచ్చాను. ఆమె అనబోయింది 'కానీ, ఈ నాలుగోది యాడ పెట్టేదప్పా' అని. అది నాకు తర్వాత తెలిసింది.

కేక కూడా వినపడలేదు. బండి కొంచెం ఎక్కి దిగింది. నిమ్మకాయ నలిగిందనుకుని సంతోషపడ్డాను కూడా. ఎదురుగా నిలబడిన స్నేహితుడి ముఖం చూశాక బండి ఆపి కిందికి దూకాను.

చూపుడు వేలు, నడిమి వేలు. కడప ఆసుపత్రికి పోయేదాకా అక్క చెయ్యి కొంగులో చుట్టుకుని కూర్చుంది. "ఎవరికీ చెప్పొద్దప్పా, బండికి చెడ్డపేరొస్తాది" అంది. సిగ్గులేని నాకూ అదే ఆలోచన. డాక్టరు అడిగితే బండరాయి పడిందన్నాను. అక్క తలూపింది.

ఎముకలు అతుక్కోవడానికి వారాలు పట్టింది. స్నేహితుడు ఈలోగా బండికి, తాళం తిప్పగానే కీచుమని అరిచే బజరు పెట్టాడు. నేను దాన్ని ముట్టుకోలేదు. రోజూ అక్క దగ్గరికి పోయి "నొప్పి ఉండాదా" అని అడిగేవాణ్ని. "ఉండాది" అనేది. ఆ మాట వినలేక ఇంట్లో అందరి మీదా అరిచేవాణ్ని.

ఒకరోజు "నొప్పి లేదప్పా, శానా రోజులాయ. నీకే చెప్పలేదు" అంది. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఐదు చట్రాలకూ రంగు వేయిద్దామా అని కూడా అడిగేశాను.

"వేయిద్దువులే. ముందు ఈడ కూర్చో" అంది.

మగ్గం దగ్గర కూర్చున్నాను. నేసేవాళ్లు పోగును కంటితో వెతకరు. వేళ్లే చెబుతాయి. అక్క ఒక పోగు తీసి ఆ రెండు వేళ్ల నడుమ పట్టుకుని, కిందికి చూడకుండా నా ముఖమే చూసింది.

"ఉండాదా, జారిపోయిందా? చూసి చెప్పప్పా. నాకు తెలీడం లేదు."

పోగు ఆమె ఒళ్లో పడి ఉంది.

"లేదక్కా, జారిపోయింది" అన్నాను.

"అట్లనా" అంది. వేళ్లు మాత్రం విడదీయలేదు.