ఐసు ముందా, చేప ముందా

ఆ రోజుల్లో మాకు గురువుగారి మాటంటే శిలాశాసనం. తాడేపల్లిగూడెంలో నాకు వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష నేర్పిన మాస్టారు (సెషన్ మాస్టారు అనేవాళ్లం) మొదటి రోజే చెప్పారు, సెషన్ మొదలుపెట్టే లైను పేజీ నెత్తిమీదే ఉండాలనీ, దానికి ముందు ఒక్క ఖాళీ కూడా పడకూడదనీ. ఏలూరులో మొదటి ఉద్యోగంలో చేరాక కూడా ఆ లైనుకు పైన నేను ఇంకేదీ రానిచ్చేవాణ్ణి కాదు. (ఆయన వద్దన్నది తెరమీద పడే అక్షరాలనేననీ, మిగతా లైన్లు పైన ఉండొచ్చనీ తెలియడానికి చాలా కాలం పట్టింది.)

ఆకివీడు చేపల వ్యాపారి ఒకాయన, మేమంతా బాబాయిగారు అనేవాళ్లం, ఆర్డర్లు తీసుకోవడానికి మా దగ్గర వెబ్‌సైటు చేయించుకుంటున్నారు. కొనేవాళ్లు ఎంచుకున్న చేపలను ఒక బుట్టలో వేసి, ఆ బుట్టను సెషన్‌లో (పేజీ మారినా కంప్యూటర్ గుర్తుపెట్టుకునే చోటు) దాచి, తర్వాతి పేజీలో బయటకు తీయాలి. మొదటి పేజీలో శీలావతి, బొచ్చె చక్కగా బుట్టలో పడేవి. రెండో పేజీలో తీయబోతే, ఇది అసంపూర్ణమైన వస్తువు, ఇదేమిటో నాకు తెలియదని కంప్యూటర్ మొహం మీదే చెప్పేది. ఐదు రోజులు అదే మాట. అన్నం సయించలేదు. పేర్లు మార్చాను, సర్వర్ ఆపి మళ్లీ పెట్టాను, చివరికి అమ్మ చేత చర్చిలో ప్రార్థన కూడా చేయించాను (ఏ జబ్బుకో ఆవిడకు చెప్పలేకపోయాను). సోమవారం బాబాయిగారు వచ్చేసరికి ఇది నడవకపోతే ఇక నన్ను రావద్దని మా ఓనరు మెత్తగానే చెప్పారు. ఇంటి దగ్గర నాన్న అప్పటికే మావాడు ఇంజనీరని ఊరంతా చెప్పుకున్నారు.

సోమవారం బాబాయిగారు నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రెండో పేజీ నొక్కాను. అదే మాట. ఆయన ఏదో అడగబోతుంటే సెల్‌ఫోన్ మోగింది. చెరువు దగ్గరి మనిషి. బాబాయిగారు ఫోన్లోనే అతన్ని కేకలేశారు.

"ఐసు రాకుండా చేపెందుకు పట్టారండీ? ముందు ట్రేలో ఐసు పరవాలి కదండీ. చేపొచ్చేశాక ఐసు కోసం పరిగెడితే ఏం లాభం?"

నా చెయ్యి ఆగిపోయింది. బుట్ట ఎలా ఉంటుందో రాసిపెట్టిన ఫైలును నేను సెషన్ లైను కింద పిలుస్తున్నాను. సెషన్ మొదలవగానే బుట్ట వచ్చేస్తోంది, దాని వివరం ఇంకా రాలేదు. మాస్టారికి మనసులోనే దణ్ణం పెట్టుకుని ఆ పిలుపును సెషన్ లైనుకు పైకి జరిపాను. శీలావతి, బొచ్చె రెండో పేజీలో ప్రత్యక్షమయ్యాయి.

ఫోను పెట్టేసి ఆయన తెర వైపు చూశారు. "ఎలా కుదిరిందండీ బాబూ?"

"చదువుకున్నదేనండి" అన్నాను.

ఈ కుర్రాణ్ణి వదులుకోవద్దని ఓనరుకి చెప్పి ఆయన బస్సెక్కారు. ఆ రోజు ఆయన సరుకు సగం పాడైందని తర్వాత తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ముందు ఐసు, తర్వాతే చేప అని చెబుతుంటాను. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. మొన్న ఒకమ్మాయి ఇది మీకెవరు చెప్పారు సార్ అని అడిగింది. మా బాబాయిగారమ్మా అన్నాను. ఆ మాట అనాల్సిన చోట అనలేదు గానీ, ఇన్నేళ్లకైనా నోరు పెగిలింది.